నొప్పి పోయిందని సాక్ష్యమిచ్చిన ఆదివారం

దేవుడు చేసిన మేలుకు సంఘంలో సాక్ష్యం చెప్పడంలో నా అంత తొందరపాటు మనిషి సూరత్ మొత్తంలో లేడు. ఆ తొందర నా కాలూ చెయ్యీ మింగబోయిన కథ ఇది. నవ్వండి, నేనేమీ అనుకోను.

కరోనా రెండో ఏడు. ఆసుపత్రి పేరెత్తితే వణికే రోజులు. సూరత్ శివారు ఉన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఫోన్‌లో వీడియో మీదే కూడేది. నెలరోజులుగా నా ఎడమ పాదం నిప్పుల్లో పెట్టినట్టు మండుతోంది. పిక్కల మీద ఊదారంగు మచ్చలు. పొద్దస్తమానం మరమగ్గాల సాంచెల దగ్గర నిలబడి బట్ట నేయడం వల్లే అనుకుని, ఉపవాస ప్రార్థన పట్టాను. ఒక ఆదివారం లేచేసరికి మంట మాయం! మంటే కాదు, పాదమే లేనట్టుంది. ఇంతకన్నా స్వస్థత ఏముంటుంది?

నా భార్య సువార్త అడ్డుపడింది. "ఏందయ్యా, కాలు ఈడ్సుకుంట నడుస్తున్నవ్? చెప్పు గడపకాడనే ఊడింది, తెలుస్తలేదా?"

"అవిశ్వాసపు మాటలు మాట్లాడకు!"

ఫోన్ ముందు నిలబడి, సంఘమంతా చూస్తుండగా, "ప్రభువు నా కాలును ముట్టిండు!" అని కుడిచెయ్యి ఎత్తాను. చెయ్యి లేచింది గాని, మణికట్టు కింద పంజా వాడిపోయిన తోటకూరలా వేలాడింది.

"చెయ్యి సరిగ్గా ఎత్తు, తమ్ముడూ," అన్నారు పాస్టరుగారు.

"ఎత్తే ఉన్న, అయ్యగారూ!"

మా సంఘంలో మార్తక్క నర్సు. "తమ్మీ, స్తోత్రాలు తర్వాత. జర కాలు సూపెట్టు. జ్వరం గిట్ల వస్తున్నదా? బాగ సన్నబడ్డవ్."

"ఉపవాసం, అక్కా."

"ఉపవాసానికి మచ్చలు రావు. నొప్పి పోలే తమ్మీ, నరం సచ్చుబడ్డది. మొన్న కాలు, ఇయ్యాల చెయ్యి. ఇప్పుడే దవాఖానకు పో!"

ఆసుపత్రిలో కరెంటు పెట్టి నరాలు పరీక్షించారు. చీలమండ దగ్గర చిన్న నరం ముక్క తీసి చూశారు. డాక్టరుగారు హిందీలో విడమరిచి చెప్పారు: ఒంటిని కాయాల్సిన సిపాయిలే రక్తనాళాల మీద తిరగబడ్డారు. నాళాలు వాచి, రక్తం అందక నరాలు ఎండుతున్నాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఈ వేళ్లు మళ్లీ పోగు ముడివేయలేవు.

మూడు రోజులు సెలైన్‌లో స్టెరాయిడ్లు, ఆపైన నెలనెలా ఆ సిపాయిల దూకుడు అణచే మందు, మణికట్టుకు పట్టీ, రోజూ వ్యాయామం. దేవుడు ఆలకించాడు, మార్తక్క కళ్లతో చూశాడు, ఆ డాక్టరు చేతులతో ముట్టాడు. ఈ మాటకు ఈనాటికీ నా కళ్లు చెమరుస్తాయి.

ఐదు నెలలకు డాక్టరు పాదంలో సూది గుచ్చితే "అమ్మా!" అని అరిచాను. నరం మళ్లీ బతికిందని ఆయన చప్పట్లు కొట్టారు. ఆ ఆదివారం ఫోన్ ముందుకు ఉరికాను. "సంఘమా, సంతోషించండి! నా కాలు మళ్లీ నొప్పి పెడుతున్నది!"

పాస్టరుగారు కళ్లు మూసుకుని, గొంతెత్తారు. "ప్రభువా, ఈ నొప్పిని ఇప్పుడే తీసివెయ్యి..."

"వద్దయ్యగారూ! వద్దు! ఉండనీయండి!"

ఒట్టు పెట్టుకోవద్దు, మీ మాట అవునంటే అవునుగా ఉండాలని బైబిలు వాక్యం గనుక, తల వంచి "అవును" అని మాత్రమే అంటున్నాను: ఇకమీదట నా ఒంట్లో ఏ అద్భుతం జరిగినా, ముందు మార్తక్క సూది గుచ్చాలి, నేను కెవ్వుమనాలి. ఆ తర్వాతే సాక్ష్యం.