మేక తాగని పూల్ నీళ్లు

పానగల్‌లో మా ఇంటి చిన్న స్విమ్మింగ్ పూల్‌లో ఈ పొద్దున టెస్ట్ స్ట్రిప్ ముంచాను. క్లోరిన్, పీహెచ్ రెండూ సరిగ్గా ఉన్నట్టు చూపించింది. పిల్లలు దూకబోతుంటే మా అవ్వ అడ్డం నిలబడింది. నిజాం మీద పోలీస్ యాక్షన్ జరిగిన నాటికి ఆమె గొర్రెలు కాసే పదేళ్ల పిల్ల.

"గా రంగు కాగితాన్ని నమ్ముతావురా? లడాయి దినాలల్ల ఇసం కలిపిన్రేమోనని ఎరుకలేని బాయి నీళ్లు ముందుగాల మేకకు తాపేటోళ్లం."

"గివి తాగే నీళ్లు కావవ్వా."

"పోరగాండ్లు మింగరా?"

బకెట్ ముంచి, పెరట్లో కట్టేసిన మా మేక ముందు పెట్టింది. అది వాసన చూసి వెనక్కి జరిగింది. నాకూ అనుమానం వచ్చి స్ట్రిప్స్ డబ్బా తిప్పి చూస్తే, వాటి గడువు నిరుడే అయిపోయింది. కొత్తవి తెచ్చి ముంచితే క్లోరిన్ మోతాదు మించిపోయిందని తేలింది.

నెల రోజులుగా మేం అందులోనే ఈదుతున్నాం. మీ డబ్బా మీద తేదీ చూసుకున్నారా, లేక మా మేకను పంపమంటారా?