మలుపు దగ్గర నాలుగు నిమిషాలు

తెల్లవారుజామున పడిన జల్లుకు జామాయిల్ ఆకుల వాసన ఘాటుగా లేచింది. దేశం వదిలొచ్చి స్థిరపడిన ఈ హారిసన్‌లో, మా ఇంటి వెనక సైకిల్ దారి రెండుగా చీలే చోట, ఒంటికాలు నేలకు ఆనించి నిలబడి ఉన్నాను. కాలు ఊరికే ఊగుతోంది. ఈ వాసన తగిలితే చాలు, పోర్చుగల్‌లో ఎండకు మాడుతున్న ఒక మలుపూ, ఇందిర ఆంటీ గుర్తొస్తారు. మొన్న చలికాలంలో ఆవిడ పోయినప్పటినుంచి మరీను.

నేను ఒకచోట కుదురుగా ఉండే మనిషిని కాను. లిఫ్ట్ బటన్ రెండుసార్లు నొక్కుతాను. విమానం ఆగకముందే బెల్టు విప్పుతాను. అలాంటిదాన్ని ఆంటీ తన శనివారం సైకిల్ గుంపులో చేర్చుకున్నారు. ఆవిడ నెల్లూరు మనిషి, ఇక్కడ చాలా ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. గుంపుకు ఒకటే నియమం. మలుపు వచ్చినప్పుడు, అందరికంటే ముందు వెళ్ళే మనిషి వెనకాలే ఉన్నవాళ్ళు అక్కడ ఆగి, ఎటు తిరగాలో మిగతావాళ్ళకు చూపించాలి. చిట్టచివర నారింజరంగు జాకెట్‌లో ఆంటీ వచ్చి "నా వెనక ఎవరూ లేరు, పద" అనేదాకా కదలకూడదు. మలుపులో మనిషి కనిపించకపోతే వెనకవాళ్ళు నేరుగా వెళ్ళిపోతారు.

"ఫోన్లో మ్యాప్ ఉంది కదా ఆంటీ, ఈ నిలబడ్డం దేనికి?" అన్నాను మొదటిరోజే.

"మ్యాప్ నీకు రూట్ చూపిస్తాది. వెనకాల ఎవరో స్టక్ అయిపోయారని చెప్తాదా?" అన్నారు.

రెండేళ్ళ క్రితం ఎనిమిదిమందిమి పోర్చుగల్ వెళ్ళి పల్లెటూళ్ళ మీదుగా తొక్కుకుంటూ పోయాం. సున్నం కొట్టిన ఇళ్ళు, గోడల అడుగున నీలం పట్టీ, పళ్ళు గడగడలాడించే రాళ్ళ వీధులు. ప్రతి ఊళ్ళోనూ కాఫీకొట్టు ముందు కూర్చున్న ముసలాళ్ళు మమ్మల్ని తీరిగ్గా లెక్కపెట్టేవారు. నాకు ఏ ఊరూ సరిగ్గా గుర్తులేదు. ఒక ఊళ్ళో ఉండగానే మనసు తర్వాతి ఊరికి వెళ్ళిపోయేది.

నాలుగోరోజు, జామాయిల్ తోట పక్కన కుడివైపు మలుపులో నిలబడే వంతు నాది. అందరూ దాటారు. ఇక రావలసింది ఇద్దరే, ఆంటీ, రామ్మూర్తి అంకుల్. అంకుల్ తెనాలిలో బట్టల కొట్టు నడిపి, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు. షుగర్ ఉంది. నేను నిలబడింది నాలుగు నిమిషాలు. వాచీ చూస్తూనే ఉన్నాను కాబట్టి కచ్చితంగా తెలుసు. ఎండ, ఈగలు, కనుమరుగైపోతున్న ముందువాళ్ళు. కాఫీకి ఆగి ఉంటారులే, ఆంటీకి దారి తెలుసులే అనుకుని వెళ్ళిపోయాను.

నిజానికి అంకుల్ సైకిల్ చెయిన్ ఊడింది. ఆంటీ దాన్ని ఎక్కించి వచ్చేసరికి మలుపులో మనిషి లేదు. నియమం ప్రకారం ఇద్దరూ నేరుగా వెళ్ళారు. మట్టిరోడ్డు, సిగ్నల్ లేదు. అంకుల్‌కి షుగర్ పడిపోయి దారిలోనే కూలబడ్డారు. ఆంటీ జేబులో గ్లూకోజ్ ఉండబట్టి బతికారు. రెండు గంటల తర్వాత ఒక రైతు తన ట్రక్కులో వాళ్ళని మా బసకు తెచ్చి దింపాడు.

"ఎంతసేపు నిలబడ్డావు?" అని అడిగారు ఆంటీ.

"పన్నెండు నిమిషాలు" అన్నాను.

అంకుల్ తలదించుకున్నారు. "అంతసేపు ఎండలో నిలబెట్టేశానా తల్లీ. నా నిదానం వల్లే ఇదంతా" అన్నారు. సిగ్గులేనిదాన్ని, నోరు విప్పలేదు.

మర్నాడు నన్ను గుంపులోంచి తీసేస్తారనుకున్నాను. ఆంటీ నా పక్కకొచ్చి "ఇయ్యాల ఫస్ట్ మలుపు నీదే" అన్నారు.

"నా వల్ల కాదు ఆంటీ. నేను నిలబడలేను."

"కాళ్ళు ఊపుకో, నన్ను తిట్టుకో, నాకేం. ఉంటే చాలు." తర్వాత గొంతు తగ్గించారు. "నువ్వెప్పుడు ఆగావో ముందువాళ్ళని అడిగాను. నువ్వాగిన ఆరు నిమిషాలకే మేం మలుపు కాడికి వచ్చేశాం. నాకూ వాచీ ఉందమ్మా. నాకేం చెప్పక్కర్లేదు. ఆయనకి చెప్పు, నీకు ధైర్యం వచ్చినప్పుడు."

ఆ రోజు ఆవిడ వచ్చేదాకా కాళ్ళు ఊపుకుంటూ, ఆవిడ్ని తిట్టుకుంటూ నిలబడ్డాను. ఉన్నాను, అంతే. ఆంటీ పోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అంకుల్ మాత్రం దూరం రావడం మానేశారు. "మీకు అడ్డం ఎందుకమ్మా" అని పార్కు చుట్టూ ఒక్కరే తిరిగి ఇంటికి వెళ్ళిపోయేవారు. విన్న ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని. అంతలో ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకునేదాన్ని.

ఆంటీ పోయాక మా గుంపు బయల్దేరడం ఇవాళే మొదలు. ఆవిడ కోసం అంకుల్ కూడా వచ్చారు. నారింజరంగు జాకెట్ ఆయనే వేసుకున్నారు. నేను ఆగిన ఇరవై నిమిషాలకు ఆయాసపడుతూ వచ్చారు.

"లేటయిపోయాను. సారీ అమ్మా."

"అంకుల్, ఆ రోజు పోర్చుగల్‌లో నేను నిలబడింది నాలుగే నిమిషాలు. పన్నెండని అబద్ధం చెప్పాను. మీరు ఆరు నిమిషాలకే వచ్చేశారు. అప్పటికే నేను వెళ్ళిపోయాను."

ఆయన బ్రేకు పట్టుకుని నా వంక చూశారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఆరు నిమిషాలేనా?" అన్నారు. "అయితే నేను మరీ అంత వెనకపడలేదన్నమాట."

నాకు ఏడుపొచ్చింది. ఆయన నడుం నిటారుగా చేసుకుని, ఒకసారి తిరిగి ఖాళీ దారి వంక చూశారు.

"నా వెనక ఎవరూ లేరు" అన్నారు. "పద."

కాలు ఊగుతూనే ఉంది. కానీ నేను వెంటనే కదల్లేదు.