వేరు తినిపించే తల్లి

పెలాజీకి తన తోడికోడలంటే పడదన్న సంగతి ఆ ఊళ్ళో కోళ్ళకి కూడా తెలుసు. ఒనొరీన్ కొత్త గుడ్డ కట్టుకుంటే ఆ రంగు రెండు ఉతుకులకే పోతుందనేది. ఒనొరీన్ చేసిన కసావా దుంప వంట బాగుందని ఎవరైనా అంటే, అది నానబెట్టిన ఏటి నీళ్ళ గొప్పతనం అనేది. ఇద్దరూ అన్నదమ్ముల్ని కట్టుకున్నారు. ఆ అన్నదమ్ములిద్దరూ కలప లారీ బోల్తా పడి ఒకేరోజు పోయారు. ఒకే వాకిట్లో ఎదురెదురుగా రెండు వంటపాకలూ, ఇద్దరు ఆడవాళ్ళూ మిగిలారు. ఒకరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో రెండోవారికి వాసన తగలక తప్పదు.

అయినా చాలా ఏళ్ళు పెలాజీదే పైచెయ్యి. ఒనొరీన్‌కి లేనివి రెండు ఆమెకున్నాయి. ఒకటి కొడుకు, రోస్తాన్. రెండోది గుడిపాకలో ఆమె పీట. ఇబోగా వేరు తిన్న మనిషి ఒక పగలూ రాత్రీ చనిపోయిన పెద్దలున్న చోటికి పోయి తిరుగుతాడు, ఒళ్ళు మాత్రం ఇక్కడే చాప మీద పడి ఉంటుంది. ఆ ఒంటికి కాపలా కూర్చునే ఆడమనిషిని తల్లి అంటారు. కక్కితే తుడవాలి, వణికితే పట్టుకోవాలి, దారి మరిచిపోకుండా పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. లేచాక అతను ఆమెను బతికినంతకాలం అమ్మా అనే పిలుస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెలాజీ అంత పేరున్న తల్లి ఇంకొకరు లేరు. మూయిలా సంతలో ఆమె నడుస్తుంటే బస్సు డ్రైవరూ, బడిపంతులూ, మీసాలున్న పోలీసాయనా ‘అమ్మా’ అంటూ వచ్చి సంచీ అందుకునేవాళ్ళు. వెనక ఒనొరీన్ తన సంచీ తనే మోసుకునేది. పెలాజీ కావాలనే నిదానంగా నడిచేది.

రోస్తాన్ పాకే వయసులో ఒకసారి ఒనొరీన్ వాడికి చిదిపిన అరటికాయ ముద్దలు తినిపిస్తోంది. నలుగురు ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. పెలాజీ ఊరుకోలేదు.

“నీ నోరు చూసుకున్నావా, ఒనొరీన్? బిగించుకుని ఉంది. బిడ్డ నోరు తెరిస్తే కన్నతల్లి నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నేర్చుకుంటే వచ్చేది కాదులే అది.”

ఆడవాళ్ళు నవ్వారు. బిడ్డలు లేని ఒనొరీన్ గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ వాడికి చేత్తో తినిపించలేదు.

ఆమె చేసిన పని వేరే ఉంది. అడవిలో కావలసినంత ఇబోగా ఉండగా, తన వంటపాక వెనక ఇబోగా మొక్కలు నాటింది. ఏనుగులకి ఆ మొక్కంటే ప్రాణం, అందుకని కంచెకి ఖాళీ సార్డిన్ చేపల డబ్బాలు కట్టింది. గాలి వీస్తే అవి ఒకటే గోల.

“మా తోడికోడలు ఏనుగులకి కచేరీ పెట్టింది,” అని పెలాజీ ఊరంతా చెప్పి నవ్వించింది.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. నిన్నటిదాకా ఈ వేరు దగ్గరుంటేనే జైల్లో వేసిన తెల్లవాళ్ళ దేశాల్లో, ఇది మత్తుకి అలవాటుపడ్డవాళ్ళను బయటికి లాగుతోందని డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టారు. రేడియోలో రోజూ అదే మాట. బేరగాళ్ళు అడవి మీద పడి కనిపించిన మొక్కనల్లా పీకేశారు. చివరికి ప్రభుత్వం అడవి వేరు అమ్మకూడదని, నాటి పెంచినదైతేనే అనుమతి అని తేల్చింది. అంతే, రాజధాని లిబ్రెవిల్ నుంచి వచ్చిన పరిశోధన బృందం జీపు నేరుగా ఒనొరీన్ పెరటి ముందు ఆగింది. డాక్టరమ్మ ఎడ్విజ్ సార్డిన్ డబ్బాల కంచెను ఫోటో తీసుకుని, ఒనొరీన్ పీట మీదే కూర్చుని, ఒనొరీన్ కాఫీయే తాగింది. పెలాజీ ఎదురు వాకిట్లో నిలబడి చూసి, తన కాఫీ కోళ్ళకి పారబోసింది.

ఆ కడుపుమంట చల్లారకముందే రోస్తాన్ ఇంటికొచ్చాడు.

లిబ్రెవిల్లో టాక్సీ నడుపుతున్నాడని పెలాజీ అందరికీ చెప్పుకునేది. నిజానికి టాక్సీ ఎప్పుడో పోయింది. కొబొలో అని వీధుల్లో దొంగచాటుగా అమ్మే నొప్పిమాత్రలు గుప్పెళ్ళతో మింగుతున్నాడు. పోలీసులు అమ్మేవాళ్ళను పట్టుకున్న కొద్దీ కొత్తవాళ్ళు పుట్టుకొస్తున్నారు. మోటారు సైకిలు దిగిన కొడుకుని గుర్తుపట్టడానికి పెలాజీకి ఒక క్షణం పట్టింది. మెడ ఎముకలు చొక్కాలోంచి పొడుచుకొచ్చాయి.

డాక్టరమ్మ పరిశోధన సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే. గుడిపాకలో, పెద్దల ఆచారం ప్రకారమే, పక్కన గుండె యంత్రం పెట్టి వేరు తినిపిస్తారు. రోస్తాన్ ఒప్పుకున్నాడు. చిక్కల్లా ఒక్కటే. కన్నతల్లి ఆ పీట మీద కూర్చోకూడదు. కూర్చుంటే బిడ్డ తిరిగి కడుపులోకి పోవాలని చూస్తాడట, బయటికి రాడట. తల్లిగా ఎవరు కూర్చోవాలో తినేవాడే పెద్దల ముందు పేరు చెప్పాలి. పెలాజీ ఆ సంగతి ముందే ఆలోచించి పెట్టుకుంది. చెవుడూ, బోసినోరూ ఉన్న ముసలి జూలియెన్‌ని ఎంచింది. ఆమెను ఎవరు అమ్మా అని పిలిచినా ఎలాగూ వినపడదు.

గుడిపాక పెద్ద మబీకా తాత అడిగాడు, “తల్లిగా ఎవరు కావాలిరా నీకు?”

రోస్తాన్ నేల చూస్తూ అన్నాడు, “పిన్ని.”

“ఏ పిన్ని?” అంది పెలాజీ, తెలిసి కూడా.

“నాకెంతమంది పిన్నులున్నారమ్మా?”

ఒనొరీన్ చేతిలోని చేట కింద పెట్టేసింది. “అక్కా, నేను అడగలేదు,” అంది.

“అడగనక్కర్లేదులే. డాక్టర్లు అడక్కుండానే వచ్చారు. ప్రభుత్వం అడక్కుండానే వచ్చింది. ఇప్పుడు నా కొడుకు.”

ఆ తర్వాత డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. పెలాజీ ముందు వరసలోనే కూర్చుంది గానీ ఒక్క ముక్క వినలేదు. ఒనొరీన్ కట్టుకున్న కొత్త నీలం గుడ్డ మీదే ఉన్నాయి కళ్ళు. ఆ రంగు ఎన్ని ఉతికినా పోయేలా లేదు.

రోజులు గడిచాయి. రోస్తాన్ మాత్రలు మానేశాడని పరీక్షలో తేలింది. తినే రోజు పొద్దున్నే, ఆచారం ప్రకారం, తల్లిగా ఒనొరీన్ అతన్ని ఏటికి తీసుకెళ్ళింది. అక్కడ నడుములోతు నీళ్ళలో నిలబడి చేసిన తప్పులన్నీ చెప్పేయాలి. వినేది తల్లి ఒక్కతే. అక్కడ చెప్పింది నీళ్ళలో పోవాలి. ఎవరైనా చాటుగా విన్నారా, వాళ్ళిక జన్మలో తల్లి పీట ఎక్కడానికి లేదు. ఈ కట్టుబాటు పెలాజీకి ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ చెప్పేదే ఆమె.

అయినా వెళ్ళింది. తనకెన్నడూ చెప్పనివి దానికేం చెబుతాడో వినకపోతే ఆమెకి ఊపిరాడేలా లేదు. గట్టున ఏపుగా పెరిగిన పొదల వెనక, చీమలు కుడుతున్నా కదలకుండా కూర్చుంది.

రోస్తాన్ చెప్పాడు. మావయ్య ఫోను అమ్మేశానన్నాడు. ఒక పిల్లని కొట్టానన్నాడు. తండ్రి చచ్చిపోయిన రోజు ఏడుపు రాలేదన్నాడు. ఈ మాట కన్నతల్లికి ఎప్పుడూ చెప్పలేదు. పెలాజీ ఆకుల సందులోంచి వాడినే చూసింది.

“మాత్రలు?” అని అడిగింది ఒనొరీన్.

“ఇక్కడికొచ్చాక కొన్నాళ్ళకే మానేశాను. మళ్ళీ ముట్టుకోలేదు పిన్నీ.”

చెబుతూ ఎడమచేతి బొటనవేలిని గుప్పిట్లో దాచుకున్నాడు. చిన్నప్పుడు పంచదార డబ్బా ఖాళీ చేసి, నేను కాదు అన్నప్పుడూ సరిగ్గా అలాగే దాచుకునేవాడు. ఒనొరీన్‌కి ఆ సంగతేం తెలుసు? కళ్ళు తుడుచుకుని వాడి తల మీద చెయ్యి పెట్టింది.

పెలాజీకి ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి సిగ్గుపడాలి. నీతోనూ అబద్ధమాడాడే, అనుకుంది. పీట ఎక్కినంత మాత్రాన తల్లివైపోయావా? తప్పు దాచిపెట్టి తింటే వేరు పని చేయదు, వాడు ఉత్తినే కక్కుకుని లేస్తాడు, ఒనొరీన్ పెరటి ఇబోగాలో పసలేదని ఊరంతా అంటుంది. జీపు వచ్చిన దారినే పోతుంది. పెలాజీ అడ్డదారిన ఊళ్ళోకి వచ్చి, మొహం కడుక్కుని, అందరికంటే ముందు గుడిపాక దగ్గర నిలబడింది.

రోస్తాన్ ఒంటికి తెల్లమట్టి పూశారు. చాప మీద కూర్చోబెట్టారు. డాక్టరమ్మ వాడి ఛాతీకి తీగలు అంటిస్తూ, తనతో వచ్చిన నర్సుకి వినపడేలా అంది, “నిన్ననే ఇంకోసారి పరీక్ష చేయాల్సింది. పరీక్ష చేసే స్ట్రిప్పులు ఊరి అవతల జీపులో ఉండిపోయాయి. ఒంట్లో మాత్ర మిగిలుండగా వేరు పడితే గుండె ఆగిపోవచ్చు. రోస్తాన్, నిజం చెప్పు, ఏమీ వేసుకోలేదుగా?”

“లేదు డాక్టర్.” బొటనవేలు గుప్పిట్లోకి పోయింది.

ఈ మాటే ఆ రోజు అందరినీ కూర్చోబెట్టి చెప్పింది డాక్టరమ్మ. పెలాజీ అప్పుడు ఒనొరీన్ నీలం గుడ్డ చూస్తూ కూర్చుంది.

తీగవాద్యం మొదలైంది. ఒనొరీన్ బెరడు పొడిని తేనెతో ముద్ద చేసి రెండువేళ్ళతో పట్టుకుంది. పెలాజీ నోరు విప్పితే పీట పోతుంది. సంతలో సంచీలు అందుకునే చేతులు పోతాయి. ఒనొరీన్ కంటే ఎక్కువని చెప్పుకోవడానికి ఇక ఏ ఒక్కటీ మిగలదు. ఇదంతా ఆలోచించడానికి ఆమెకి పెద్ద సమయమేం పట్టలేదు. ముద్ద వాడి పెదవుల దాకా వచ్చింది.

“పెట్టకు ఒనొరీన్,” అంది. “వాడు మాత్ర మింగాడు.”

వాద్యం ఆగింది.

“నీకెలా తెలుసు?” అన్నాడు మబీకా తాత.

“ఏటి దగ్గర విన్నాను. మానేశానని పిన్నికి చెప్పాడు. అది అబద్ధం. వాడి బొటనవేలు చూడండి.”

డాక్టరమ్మ జీపు దగ్గరికి మనిషిని పరిగెత్తించింది. పరీక్షలో బయటపడింది. క్రితంరోజు మోటారు సైకిలు మీద వచ్చిన స్నేహితుడు వాడికి మాత్ర ఇచ్చి పోయాడట. డాక్టరమ్మ తీగలు ఊడదీసింది. ఒనొరీన్ చేతిలో ముద్ద అలాగే ఉంది.

“ఏరా,” అంది పెలాజీ కొడుకుతో, “చావడానికొచ్చావా?”

“ఒక్కటేగా, ఏం కాదనుకున్నాను.”

“మరి నన్ను వదిలేసి దాన్నెందుకు ఎంచుకున్నావు? నేను కూర్చోకూడదు సరే. జూలియెన్ ఉందిగా.”

రోస్తాన్ మొహం మీద తెల్లమట్టి చెమటకి చారలు కట్టింది. “నీకు అన్నీ తెలిసిపోతాయమ్మా. నేను అబద్ధమాడితే చెప్పకముందే తెలిసిపోతుంది. పిన్ని నమ్ముతుంది. నమ్మేవాళ్ళు ఒక్కరైనా కావాలి కదా నాకు.”

మబీకా తాత పెలాజీ పీట తెచ్చి గుమ్మం బయట పెట్టాడు. ఆ పీట మీద ఆమె ఎంతమంది తలల దగ్గర కూర్చుందో, ఎంతమంది కక్కు కడిగిందో ఆయనకీ తెలుసు. “కట్టుబాటు నాది కాదమ్మా,” అన్నాడు. “నాకు తెలుసు తాతా,” అని ఆమె పీటను చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. ఆ పీట మీద కూర్చుని అప్పటినుంచీ చేపలు తోముతోంది.

వానలు తగ్గాక, పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేశాక, రోస్తాన్ వేరు తిన్నాడు. ఒనొరీన్ పెరటి వేరే. ఒనొరీన్ చేతి మీదుగానే. పెలాజీ తన వంటపాకలో కూర్చుని, రోస్తాన్, రోస్తాన్ అని తోడికోడలు పిలుస్తున్న గొంతు వింటూ ఆ పగలూ రాత్రీ గడిపింది. గొంతు సాగదీసి పిలవాలి, అలా తుంచినట్టు పిలిస్తే వాడికి వినపడుతుందా? ఆ మాట వెళ్ళి చెప్పడానికి వీల్లేదు.

వాడు తిరిగొచ్చాడు. నడిచి వచ్చి వాకిట్లో ఎండలో కూర్చున్నాడు. కళ్ళు తేటగా ఉన్నాయి. తిరిగొచ్చిన మనిషి మొదటి ముద్ద కన్నతల్లి వండాలి, గుడిపాక తల్లి తినిపించాలి. ఒనొరీన్ గిన్నె కోసం వచ్చింది. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి, నీలం గుడ్డ నిండా కక్కు మరకలు.

“ఉప్పు వేశావా అక్కా?”

“వేయకూడదని తెలుసు. నువ్వు ఈ ఊరు రాకముందు నుంచీ తెలుసు.”

“కోపమొచ్చిందా?”

“ఏం, రాకూడదా? గిన్నె తీసుకో, చల్లారిపోతుంది.”

ఒనొరీన్ గిన్నె తీసుకుని వాకిలి దాటింది. రోస్తాన్ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, చిదిపిన అరటికాయ చిన్న ముద్ద చేసింది. పెలాజీ వంటపాక గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఒనొరీన్ మొహమే చూస్తోంది.

రోస్తాన్ నోరు తెరిచాడు. ఒనొరీన్ నోరు కూడా తెరుచుకుంది. ఆమెకి తెలియనే తెలియదు ఆ సంగతి.

రెండో ముద్దకీ అంతే.

“చాలమ్మా,” అన్నాడు రోస్తాన్. పెలాజీ వైపు తిరిగి కాదు.

ఎదురు గుమ్మంలో పెలాజీ నోరు కూడా ఆ రెండు ముద్దలకీ తెరుచుకునే ఉంది. ఎవరైనా చూస్తారేమోనని చేత్తో మూసుకుంది.