హారన్ దానంతకదే మోగిందని చెప్పినాను

వైరు కాలిన వాసన నాకు పడదు. పోయిన నెల ప్రొద్దుటూరులో మెకానిక్కు నా బండి బానెట్టు ఎత్తగానే ఆ వాసనే గుప్పున కొట్టింది. పద్నాలుగేండ్లుగా నా దగ్గరే ఉన్న ఏడు సీట్ల పెద్ద బండి అది. చర్చి పిల్లల్ని, బంధువుల పెండ్లి సామాన్లను, పురిటికి పోయే ఆడవాళ్లను మోసి మోసి దాని తెల్లరంగు మీగడ రంగుకు తిరిగింది. ఆరు నెలలుగా దానికొక మాయరోగం. ముందురోజు బాగున్న బ్యాటరీ పొద్దునకల్లా దిగిపోతుంది, స్టీరింగు ముందర ఉన్న దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరిపోతాయి. మెకానిక్కు కంప్యూటరు తగిలించి చూసి, ఇచ్చేసి కొత్తది తీసుకోమన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ముందర వైరింగు చేసినోడెవుడో చేతగానోడమ్మా" అన్నాడు. ఆ మాట వినేసరికి నా తల వంగిపోయింది. ఒకప్పుడు ఒక మంచి పనివాడికి సరిగ్గా అదే పేరు తెచ్చిపెట్టిన దాన్ని నేను.

మాది జమ్మలమడుగు. మా నాయనకు ఒక జీపు ఉండేది, పచ్చరంగుది, టాపు గుడ్డతో. నేను పుట్టక ముందే కొన్నాడు. ప్రొద్దుటూరికి, ముద్దనూరు మీదుగా పులివెందులకు బాడుగకు తిప్పేవాడు. ముందర ముగ్గురు కూర్చునే చోట ఐదుగురు, వెనక ఎంతమంది పడితే అంతమంది, ఇంకా కావాలంటే రెండు మేకలు. ఎండాకాలంలో దాని రేకు మీద చేయి పెడితే చుర్రుమనేది. లోపల డీజిలు, చెనిక్కాయల మట్టి, పేపర్లో చుట్టిన ఉగ్గాని బజ్జీ, ముసలవ్వల తమలపాకు, అన్నీ కలిసి ఒక వాసన. ఇప్పుడు ఎంత ఖరీదైన బండి ఎక్కినా ఆ వాసన లేక నాకు అది బండి అనిపించదు. మా నాయన పొద్దున్నే లేచి దేవునికి ప్రార్థన చేసుకొని, ఆ వెంటనే జీపు అద్దం తుడిచేవాడు. రెండింటికీ ఒకే తువ్వాలు భుజాన ఉండేది.

క్రిస్మస్ వస్తే ఆ జీపు మా వీధికి పెండ్లికూతురు. రంగు కాగితాలతో నక్షత్రం కట్టి, పాటలు పాడేవాళ్లను ఎక్కించుకొని ఊరంతా తిరిగేవాళ్లం. ముందు వైపు సన్న దీపాలు బిగించేది ప్రొద్దుటూరు దస్తగిరి మామ. బండ్లకు వైరింగు చేసేవాడు, మైదుకూరు రోడ్డులో చిన్న రేకుల అంగడి ఆయనది. బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ తాకించి, ఆ వెలుగును బట్టి తప్పు ఎక్కడుందో పట్టేసేవాడు. డాక్టరు నాడి చూసినట్టు కండ్లు మూసుకొని వినేవాడు కూడా. దీపాలు బిగించినందుకు మా అమ్మ కజ్జికాయలు కట్టిచ్చేది. రంజానుకు వాళ్లింటి నుంచి గిన్నెడు సేమ్యా పాయసం వచ్చేది, పైన తేలే ద్రాక్షల కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. ఆయన గొప్ప ఏందంటే, రెండు పార్టీల జీపులూ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆ కాలంలో అది మామూలు సంగతి కాదు. కత్తులు దూసుకునే వాళ్లు ఇద్దరూ, ఒకరు పొద్దున ఒకరు మధ్యాహ్నం, ఒకే మనిషి చేతిలో తమ బండి పెట్టి పోయేవాళ్లు.

ఫ్యాక్షను ముదిరిన ఏండ్లు అవి. మా నాయన సీటు కింద రెండు జెండాలు మడిచి పెట్టుకొని, ఏ ఊరు వస్తే ఆ ఊరి జెండా తీసేవాడు. నవ్వొస్తుంది గానీ, బతకాలంటే అంతే. ఇంకో కట్టుబాటు ఉండేది, ఎవరూ రాసి పెట్టలేదు గానీ పసిపిల్లలకు కూడా తెలుసు. పార్టీ పెద్దాయన ఇంటి ముందర నుంచి పోయేటప్పుడు హారన్ కొట్టకూడదు. కొడితే కాలు దువ్వినట్టే. గొర్రెల మంద అడ్డమొచ్చినా, అవి పోయేదాకా నిలబడాల్సిందే. జమ్మలమడుగుకు ఇవతల ఒక ఊర్లో అట్లాంటి ఇల్లు ఒకటి ఉండేది. ఊరి పేరు చెప్పను. ఆ ఇంటి మనవరాలు నాతోనే అయిదో తరగతి చదివేది. ఒకరోజు అందరూ వింటుండగా, "మీ నాయన మా ఇంటి ముందర పిల్లి మాదిరి పోతాడంట గదా" అని కిలకిలా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి సంగటి కూడా ముట్టలేదు.

ఆ వారంలోనే మా జీపు హారన్‌కు జబ్బు చేసింది. స్టీరింగు ఎడమ పక్కకు తిప్పితే చాలు, ఎవరూ నొక్కకుండానే పోంయ్ అనేది. లోపల వైరు మీది తొడుగు అరిగిపోయి ఇనుముకు తగులుతోందని దస్తగిరి మామ కనిపెట్టి, పాత వైరు లాగేసి కొత్తది వేసి, జాయింటుకు సీసం పోసి, టేపు చుట్టి, స్టీరింగును పదిసార్లు ఇటూ అటూ తిప్పి చూపించాడు. కిక్కురుమనలేదు. "ఈ జాయింటు నేను పోయినా ఉంటాది" అన్నాడు మా నాయనతో.

ఆ మరుసటి రోజు పొద్దున ఎవరో ముసలమ్మ తవుడు మూటలు దించడానికి మా నాయన సరిగ్గా ఆ పెద్దాయన ఇంటి ఎదురుగా జీపు ఆపి, వెనక్కి పోయినాడు. ముందు సీట్లో నేనొక్కదాన్నే. ఎదురుగా ఆ ఇంటి అరుగు, అరుగు మీద మనుషులు, గడప దగ్గర రిబ్బన్లు కట్టుకున్న ఆ పిల్ల. నన్ను చూసి పెదవి విరిచింది. అంతే, నేను స్టీరింగు నడుమ అరచేయి పెట్టి గట్టిగా నొక్కినాను. మూడు సార్లు.

అరుగు మీద వాళ్లు లేచి నిలబడినారు. నలుగురు జీపును చుట్టుకున్నారు. మా నాయన మూట భుజాన్నుంచి జారవిడిచి పరుగెత్తుకొచ్చినాడు, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒకాయన బానెట్టు మీద చేయి పెట్టి, "ఎవురు కొట్టింది హారన్?" అన్నాడు.

"నేను కాదు. దానంతకదే మోగింది. నిన్న దస్తగిరి మామ వైరు మార్చినాడు."

పేరు ఎవరూ అడగలేదు. నేనే చెప్పినాను. ఇన్నేండ్లయినా నన్ను కొరికి తింటున్నది అదే. ఆదివారం బడిలో అబద్ధ సాక్ష్యం తప్పని గడగడా అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్న పిల్లను. మా నాయన నా వైపు ఒక్కసారి చూసి, "అవునప్పా, దానికి ఆ జబ్బు ఉండాది" అన్నాడు. నమ్మినాడో, నమ్మక తప్పలేదో నాకు తెలియదు.

అంతటితో పోలేదు. ఆదివారం ఆ పనివాణ్ణి తీసుకొని రమ్మని, పాపను కూడా పిల్చుకొని రమ్మని కబురు. దస్తగిరి మామ తన సంచీతో వచ్చినాడు. అందరి ముందర, మిట్టమధ్యాహ్నం ఎండలో, స్టీరింగు విప్పి, బల్బు తాకించి, వైరు పొడవునా వేళ్లతో తడిమి వెతికినాడు. లేని తప్పును ఎంతసేపు వెతుకుతాడు! చెమట చొక్కాకు అంటుకుపోయింది. స్టీరింగు తిప్పినాడు, మోగలేదు. మళ్లీ తిప్పినాడు, మోగలేదు. పెద్దాయన నన్ను పిలిచి, "చెప్పు పాపా, ఎట్ల మోగింది?" అన్నాడు మెల్లగా. నిజం చెప్పడానికి దేవుడిచ్చిన రెండో అవకాశం అది. నేను మళ్లీ అదే మాట చెప్పినాను. దస్తగిరి మామ నా మొహంలోకి చూసి, తల ఆడించి, చేతులు జోడించి, "చిన్నబిడ్డ అబద్ధం యాల చెప్తాది సామీ. నా చేతిలోనే ఏదో తప్పు జరిగింటాది" అన్నాడు. అరుగు మీద వాళ్లు నవ్వినారు.

ఆ పార్టీ బండ్లు ఆయన అంగడికి రావడం మానేసినాయి. ఎదుటి పార్టీ వాళ్లు మొదట భుజం తట్టి "భలే చేసినావు మామా" అని ఎగతాళి చేసినారు గానీ, తర్వాత వాళ్లకూ భయం పట్టుకుంది. దాక్కున్న చోట జీపు దానంతకదే కూస్తే ప్రాణాలు పోయే రోజులు. ఏడాది తిరక్కుండా ఆయన అంగడి మూసి, ఇంట్లో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసుకుంటూ బతికినాడు. మా నాయన ఇంకో మనిషితో వైరు మార్పించినా మనసు కుదుటపడక, ఆ జీపును పులివెందుల ఆయనకు అమ్మి వ్యాను కొన్నాడు. జీపు పోయిన రోజు అన్నం తినలేదు. ఆ ఇంకో మనిషి వైరు మార్చినాక హారన్ మళ్లీ మోగలేదు కాబట్టి తప్పు దస్తగిరిదేనని ఊరంతా తేల్చేసింది. రంజాను పాయసం మాత్రం వస్తూనే ఉండేది. నేను తినేదాన్ని కాదు, కడుపునొప్పి అనేదాన్ని.

పోయిన నెల ఆ మెకానిక్కు మాట విన్నాక నేను బండి అక్కడే వదిలి, ఆటో ఎక్కి మామ ఇంటికి పోయినాను. ఇల్లు కనుక్కోవడానికి గంట పట్టింది. రేకుల అంగడి ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల బట్టల దుకాణం. మామ గోడకానుకొని కూర్చొని ఉన్నాడు. ఎవరి బిడ్డనో చెప్పగానే మొహం విప్పారింది. కూర్చోకుండానే చెప్పేసినాను, ఆ పొద్దు హారన్ నొక్కింది నేనేనని, రెండుసార్లు అబద్ధమాడినానని. తిడతాడనుకున్నాను. తిట్టింటే బాగుండేది.

మామ గోడ వదిలి ముందుకు వంగినాడు. "అయితే, నా జాయింటు బాగానే ఉన్నిందా పాపా?"

"బాగానే ఉన్నింది మామా."

"ఏమే! ఈడికి రా, బిరీన రా!" అని భార్యను కేకేసినాడు. ఆయన కండ్లల్లో నీళ్లు, నోట్లో నవ్వు. "ఇంగొక తూరి చెప్పు పాపా, ఆయమ్మ ఇనాల." చెప్పినాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఆ ఆదివారం నుంచి ఈయన ఒక్క జాయింటు వేస్తే మూడుసార్లు విప్పి చూసుకునేవాడని, తన చేయి మంచిది కాదని కొడుకుకు పని నేర్పకుండా బట్టలంగట్లో పెట్టినాడని చెప్పింది. నేను ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

ఆ జీపు లేదు, ఏ తుక్కులోనో కలిసిపోయింటుంది. ఆ అరుగు ఇల్లు తాళం వేసి ఉంది, దాని ముందర బస్సులు చెవులు చిల్లులు పడేట్టు హారన్ కొట్టుకుంటూ పోతాయి. పెద్దాయన లేడు, నవ్విన వాళ్లు లేరు, మా నాయన లేడు. నా అబద్ధాన్ని ఊరంతా విన్నది. నిజం వినడానికి ఈ ఇద్దరే మిగిలినారు.

లేవబోతే మామ నా చేయి పట్టుకున్నాడు. "కొడుకు అంగడి నుంచి సాయంత్రం వస్తాడు. అంతదాంక ఉండు పాపా, వానికీ చెప్దువు."

ఉన్నాను.