సిల్వర్ షాఫ్ట్

నా కారు పాతది. వెనక చక్రాలతో నడిచేది. ఇంజను బలాన్ని ఆ చక్రాలకు చేరవేసే పొడుగాటి గొట్టాన్ని డ్రైవ్ షాఫ్ట్ అంటారు. గడచిన మూడు పావుమైలు పందేల్లోనూ నా బావమరిది నన్ను ఓడించాడు. తేడాలు వరుసగా 0.3, 0.2, 0.2 సెకన్లు. నాలుగోదాని కోసం షాఫ్ట్ మార్చదలచాను. ఇప్పుడున్న ఉక్కుది తొమ్మిదిన్నర కిలోలు, అల్యూమినియంది ఆరు. బరువు తగ్గితే కారు త్వరగా ఊపందుకుంటుంది. నా పందేల పుస్తకంలో రెండు పేజీలు లెక్క కట్టి, అల్యూమినియమే అని తేల్చి, కింద గీత గీశాను.

మంగళవారం ఎల్బీ నగర్‌లో మా మెకానిక్‌తో, "సిల్వర్‌ది వేయండి" అన్నాను. మా గుంటూరు వైపు అల్యూమినియం గిన్నెను సిల్వర్ గిన్నె అంటాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్నేళ్లుగా కాపురమున్నా నా నోట అదే వస్తుంది.

శనివారం వెళ్లేసరికి కారు కింద షాఫ్ట్ తళతళలాడుతోంది. ముట్టుకుంటే వేలికి రంగు అంటింది.

"ఇది ఉక్కు కదండీ?"

"ఉక్కే సార్. మీరు సిల్వర్ అంటిరి గదా, కలర్ రెండు కోటింగులు ఏసిన."

"సిల్వర్ అంటే అల్యూమినియం."

"గట్లయితే సత్తుది అనాలె సార్. కారు కింద కలరెందుకని నేను గూడ పరేషానైన. సార్ జర శౌకీను మనిషి అని ఊకున్న. అయినా మన స్పీడ్ బ్రేకర్లకు ఉక్కే మంచిది. ఒంగినా సాపు జేస్త. సత్తుదైతే పారేసుడే."

సత్తుది తెప్పించడానికి పది రోజులు కావాలట. పందెం మర్నాడే. పైగా నా లెక్క మొత్తం బావమరిదికి అప్పటికే ఫోనులో చదివి వినిపించాను.

ఆదివారం ఉదయం, బాటసింగారం అవతల, కార్ల క్లబ్బు అద్దెకు తీసుకున్న ప్రైవేటు రోడ్డు మీద, 0.1 సెకను తేడాతో నేను గెలిచాను.

బావమరిది దిగి వచ్చాడు. "అంతా అల్యూమినియం మహిమ బావా. నీ డ్రైవింగు ఎప్పట్లాగే ఉంది. నేనూ అదే వేయిస్తా."

చిక్కు అక్కడ వచ్చిపడింది. నోరు మూసుకుంటే గెలుపు లోహానిదవుతుంది. నిజం చెబితే గెలుపు నాదే గాని, గిన్నెల భాషలో షాఫ్టు అడిగిన దద్దమ్మనూ నేనే అవుతాను. రెండు నిమిషాలు ఆలోచించి, దద్దమ్మతనానికే ఒప్పుకున్నాను.

అతను నమ్మలేదు. ఇస్త్రీ చొక్కాతోనే కారు కిందకి దూరి, తాళంచెవితో రంగు గీకాడు. 

"ఉక్కే బావా," అన్నాడు చివరికి, అక్కణ్ణుంచే.

"మరి?"

"మరేముంది, ఇవాళ నేను ఏసీ ఆపడం మర్చిపోయాను. ఇంజను బలం కొంత అదే తినేసింది."

ఆ మాటను పుస్తకంలో అతని మాటగానే రాసుకున్నాను. గెలుపుకు కారణం అన్న గడిలో మాత్రం 'డ్రైవరు' అని రాసి, సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.