సీటు కింద ఎర్ర లైటు

మా కారులో పాటల మోత పెంచే ఆంప్లిఫయర్ ముందు సీటు కింద ఉంటుంది. దాని లైటు వెనక కూర్చున్న నా కాళ్ల దగ్గరే కనిపిస్తుంది. పచ్చగా ఉంటే డిక్కీలో సబ్‌ఊఫర్, అదురు పుట్టించే ఆ పెద్ద స్పీకరు, మోగుతున్నట్టు. ఎర్రబడితే ఆంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోయినట్టు. రెండు నెలల పాటు ప్రతి ఆదివారం నేను ఆ ఎర్రదనం కోసమే ఎదురుచూశాను.

ఆదివారాలు విజయవాడ నుంచి పామర్రులో మా ఆడపడుచు ఇంటికి వెళ్తాం. మావారు స్టీరింగ్ దగ్గర, అత్తగారు ఆయన పక్కన, నేనూ ఎనిమిది నెలల పాపా వెనక. బయలుదేరే ముందు అత్తగారు పాప చెవుల్లో దూది పెట్టి, మీద మంకీ క్యాప్ తొడుగుతారు. గాలి తగిలితే జలుబు చేస్తుందని అద్దాలు దించనివ్వరు. ఒకసారి వేలెడంత దించాను. మావారు తన వైపు బటన్ నొక్కి ఎత్తేసి, లాక్ చేశారు. అప్పటి నుంచి నా పక్కన ఉన్న బటన్ పనిచేయదు.

తర్వాత పాటలు మొదలవుతాయి. వీపు వెనక సీటు అదురుతుంది. నా అరచేతి కింద పాప ఛాతీ అదురుతుంది. దూది గాలిని ఆపుతుందేమో గానీ దీన్ని ఆపదు.

పాప పుట్టిన మూడో రోజు చెవుల పరీక్షలో కుడి చెవి ఫలితం సరిగా రాలేదు. నెల తర్వాత మళ్లీ చేసి, బాగానే ఉందన్నారు. ఇంట్లో అందరికీ ఆ నెల భయం అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు. ఇప్పటికీ పాపకు కనబడకుండా నిలబడి గిన్నె మీద గరిటెతో మెల్లగా తడతాను. తల తిప్పితే ఆ పూటకు ఊపిరి పీల్చుకుంటాను. పరధ్యానంగా ఉండి తిప్పకపోతే ఆ రోజు అన్నం సయించదు.

ఈ మోత పాప చెవులకు మంచిది కాదని మావారికి చెప్పాను. ఆయన వినని మనిషి కాదు. వారమంతా ఎరువుల డీలర్ల ఫోన్లకు జవాబు చెప్పి చెప్పి అలసిపోతారు. తనతో ఎవరూ మాట్లాడని చోటు ఈ కారు ఒక్కటే అంటారు. బెంజి సర్కిల్ దగ్గర నాకోసం నాబ్ తిప్పి బేస్ తగ్గిస్తారు. పెనమలూరు వచ్చేసరికి వేలు మళ్లీ ఆ నాబ్ మీదికి వెళ్తుంది.

కానీ కంకిపాడు దాటేలోపే లైటు ఎర్రబడేది. డిక్కీ మూగబోయేది. టైర్ల చప్పుడు, ఏసీ చప్పుడు మాత్రమే మిగిలేవి. పాప నిట్టూర్చి నిద్రపోయేది. మావారు పళ్లు కొరికేవారు. నేను కాలువ గట్టు వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

ఆటోనగర్‌లో కారు సామాన్ల షాపుకి మావారు మూడుసార్లు తిరిగారు. షాపువాళ్లు ఫ్యూజు మార్చారు, ఎర్త్ వైరు మార్చారు. నాలుగోసారి ఆసుపత్రిలో పాపకు టీకా వేయించి వస్తూ అందరం అక్కడ ఆగాం. ఈ ఆంప్లిఫయర్ చాలదు సార్, దీనికి రెట్టింపుది వేసుకోండి అన్నాడు షాపాయన. మావారు అప్పుడే ఆ పెద్దదాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నారు.

అత్తగారు కారులోంచే నవ్వారు. "మీ ఆవిడని అడగరా. అవేగా చదివింది నాలుగేళ్లు. మిక్సీ బాగుచేయమంటే రాదంటది, ఇదన్నా వస్తుందేమో."

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. మిక్సీ మాట ఆ ఇంట్లో రెండేళ్లుగా వింటున్నాను. పాపతో దిగి, ఊఫర్‌లో ఒక్కో కాయిల్ ఎన్ని ఓమ్‌లని అడిగాను. మీటరు పెట్టి చూశారు. రెండు కాయిల్స్, ఒక్కోటి రెండు ఓమ్‌లు. వాటిని పారలల్‌గా, అంటే పక్కపక్కన కలిపారు కాబట్టి రెండూ కలిసి ఒక ఓమే అవుతోంది. ఆంప్లిఫయర్ మీదేమో రెండు ఓమ్‌లకు తగ్గకూడదని రాసి ఉంది. మోయలేనంత కరెంటు ఇవ్వాల్సి వచ్చి అది ఆగిపోతోంది. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే నాలుగు ఓమ్‌లవుతుంది, ఉన్న ఆంప్లిఫయరే సరిపోతుందని చెప్పాను.

షాపాయన నా వైపు చూసి, "కరెక్టే మేడం" అన్నాడు. డిక్కీలో ఊఫర్ పెట్టె పక్కనున్న క్లిప్పుల మధ్య ఒక చిన్న ముక్క వైరు పెట్టి, కనెక్షన్ మార్చాడు.

పెద్దది కొనకుండా ఆపాలనే మాట్లాడానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ జవాబు తెలిసి నోరు మూసుకోలేకపోయాను, అదీ నిజమే.

ఆ ఆదివారం కంకిపాడు దాటింది, ఉయ్యూరు దాటింది. లైటు పచ్చగానే ఉంది. పాప కళ్లు తెరిచి, కదలకుండా నన్నే చూస్తోంది. తగ్గించమన్నాను. ఆయన అద్దంలోంచి సంబరంగా చూశారు. "నువ్వే కదా సెట్ చేసింది!"

పామర్రులో డిక్కీ తెరిచి మా ఆడపడుచు భర్తనీ, పక్కింటివాళ్లనీ పిలిచారు. నన్ను వివరించమన్నారు. ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో వేలితో చూపించి చెప్పాను. ఈ ముక్క ఒక్కటి ఊడితే మొత్తం ఆగిపోతుందని కూడా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. మా ఇంట్లో నా మాట అంతసేపు ఎవరూ ఎప్పుడూ వినలేదు. అక్కడే పాప సంగతి చెప్పి ఉండాల్సింది. ఆ నిమిషాన్ని పాడుచేసుకోబుద్ధి కాలేదు.

తర్వాతి ఆదివారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, పాప బ్యాగు పెట్టొస్తానని తాళాలు తీసుకుని కిందికి దిగాను. ఆ ముక్క వైరు పీకి, నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

బెంజి సర్కిల్ దాటగానే డిక్కీ మోగట్లేదని ఆయనకు తెలిసిపోయింది. కారు పక్కకు ఆపి, డిక్కీ తెరిచి, నన్ను పిలిచారు. పాపను తను ఎత్తుకున్నారు. "చూడు, నువ్వు చెప్పిన వైరే లేదు. ఎక్కడన్నా పడిపోయిందా?"

ఆయన గొంతులో అనుమానం లేదు. అందుకే అబద్ధం రాలేదు.

"నేనే తీశానండి. పాప చెవులకి భయంగా ఉంది."

ఆయన పాప చెవి దగ్గర చిటికె వేశారు. పాప తల తిప్పింది. "చూశావా, బ్రహ్మాండంగా వినపడుతోంది. డాక్టరు గారు కూడా చెప్పారుగా. నువ్వు ఊరికే భయపడతావు." కోప్పడలేదు. పాపను నాకిచ్చి, చెయ్యి చాపారు. నేను బ్యాగులోంచి వైరు తీసిచ్చాను. ఎక్కడ పెట్టాలో నన్ను అడగలేదు. పామర్రులో నేను చెప్పిందంతా ఆయనకు గుర్తుంది. రెండు నిమిషాల్లో పెట్టేశారు.

కూర్చున్నాక నాబ్ కాస్త తిప్పి, "చాలా?" అని అడిగారు. సగానికి తగ్గించమన్నాను. ఇంకాస్త తగ్గించారు. నా కాళ్ల దగ్గర పచ్చ లైటు వెలిగింది.

పాపను నా వైపు తిప్పుకుని, దూది మీద, టోపీ మీద, రెండు అరచేతులతో చెవులు మూశాను. అత్తగారు వెనక్కి తిరిగి చూశారు. "అద్దాలు వేసే ఉన్నాయిగా. గాలెక్కడుందమ్మా?"

కంకిపాడు దగ్గర ఆయన వేలు నాబ్ మీదికి వెళ్లింది. ఉయ్యూరు వచ్చేసరికి నా చేతులు తిమ్మిరెక్కాయి. తీయలేదు.