తోడు వేసిన సీసా

బాలమణి పెరుగును చాకుతో కోసి మోదుగాకులో పొట్లం కట్టేదని శామీర్‌పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కరీంనగర్ బస్సులో ఆమె గంపకు సీటు దొరికేదట, ఆమె మాత్రం నిలబడేదట. కొంత కలిపి చెప్పినా, ఆ గట్టి పెరుగు వెనక నియమం నిజమే: తోడు వేశాక కుండను ఎవరూ కదపకూడదు. ఆ గదిలో భర్త గట్టిగా దగ్గినా ఊరుకునేది కాదు.

తొంభై ఎనిమిది వానాకాలంలో గొంతువాపు వచ్చి రెండు బర్రెలూ పోయాయి. తర్వాత కొన్నేళ్లకు ఊరి అవతల వెలిసిన ప్రయోగశాలలో సీసాలు కడిగే పనికి చేరింది. ఐదేళ్లు రోజుకూలీగానే గడిచాయి. రెండువేల ఆరులో ఆమెను పర్మినెంట్ చేసే కాగితం ప్రయోగశాల పెద్దాయన పట్టాభిరామయ్య బల్ల మీదికి వచ్చింది. సంతకమే తరువాయి.

అక్కడ పరిశోధన చేసే భీమవరం అమ్మాయి శ్రీలేఖ, తన పనేమిటో బాలమణికి ఒకసారి చెప్పింది.

"ఈ బాక్టీరియాకి ఒంటి మీద సన్నని వెంట్రుకలుంటాయి. వాటితోనే మన పేగులకి అతుక్కుంటాయి."

"పల్లేరుకాయ లెక్కనా? చీరకంటితే ఇడువది."

"అంతే. కాకపోతే వీటికి మొలవాలా వద్దా అని చెప్పే మీట ఒకటుంది. దాన్ని ఆర్పేసే జన్యువుని నేను పట్టుకున్నా."

రుజువు గాజుపలక మీద కనిపించేది. ఈస్టు చుక్కలో బాక్టీరియా చుక్క కలిపితే, వెంట్రుకలున్నవి పాలు విరిగినట్టు ముద్దకట్టేవి. లేనివి నున్నగా ఉండేవి. జన్యువు తీసేసిన రకం ముద్దకట్టేది, తీయనిది నున్నగా ఉండేది. రెండేళ్లుగా అదే ఫలితం.

ఒక మంగళవారం సాయంత్రం బస్సుకు వేళయిందని శ్రీలేఖ హడావుడిగా బయల్దేరింది. "బాలమణమ్మా, రెండు రకాల సీసాల్లోనూ తోడు వేశాను. వెచ్చగా పెట్టేయండి, ఎల్లుండి చూస్తా."

బాక్టీరియాను కొత్త సీసాలో వేయడాన్ని ఆ అమ్మాయి సరదాగా అలా అనేది. ఆ గదిలో వెచ్చని పెట్టెలు రెండు. ఒకటి సీసాలను రాత్రింబవళ్లు ఊపుతుంది, రెండోది కదలదు. శ్రీలేఖ ఎప్పుడూ తన చేత్తో మొదటిదాంట్లోనే పెట్టుకునేది. బాలమణి రెండోదాంట్లో పెట్టింది. గురువారం పొద్దున్నే తీసి బల్ల మీద ఉంచింది.

ఆ రోజు రెండు రకాలూ ముద్దకట్టాయి.

"రెండూ కలిపేశావు," అన్నాడు పట్టాభిరామయ్య శ్రీలేఖతో. "ఎప్పుడు కలిశాయో ఎవరికి తెలుసు? రెండేళ్లదీ పక్కన పెట్టి మళ్లీ మొదలెట్టు."

"ఎప్పటిలా ఊపే పెట్టెలో ఉన్నవే కదా," అని శ్రీలేఖ తనలో తాను అనుకోవడం తొట్టి దగ్గరున్న బాలమణికి వినబడింది. కడుగుతున్న సీసా చేతిలో ఆగిపోయింది. ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు నేరుగా పెద్దాయన గదిలోకి వెళ్లింది.

"సార్, గా సీసాలు నేను ఊపే పెట్టెల పెట్టలే. తోడేసిన అన్నది మేడం. తోడేసినంక కదిపితే పెరుగు నీళ్లయితది. అందుకే కదలనిదాంట్ల పెట్టిన."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"మీ బల్ల మీద నా కాయితం ఉండె."

ఆయన శ్రీలేఖను పిలిపించాడు.

ఆ వారం మళ్లీ చేశారు. జన్యువు తీయని రకాన్నే రెండు సీసాల్లో వేసి ఒకటి ఊపారు, ఒకటి కదలకుండా ఉంచారు. ఊపింది నున్నగా ఉంది, కదలనిది ముద్దకట్టింది. జన్యువు ఉన్నా, కదలకుండా ఉంచితే వెంట్రుకలు మొలిపించే మీట పడుతోంది. శ్రీలేఖ రెండేళ్లూ నిలిచాయి, వాటికి ఇంకో అధ్యాయం కలిసింది.

బాలమణి కాగితం మాత్రం సంతకం లేకుండానే ఏడాదిపాటు సొరుగులోకి వెళ్లింది.

"తోడు అన్నది నేను, సార్," అంది శ్రీలేఖ.

"అడిగి తెలుసుకోవాల్సింది ఆమె," అన్నాడాయన.

శ్రీలేఖ ఆ పెట్టెలకు 'ఊపేది', 'ఊపనిది' అని చీటీలు అంటించింది. బాలమణికి చదువు రాదు. వాటి కింద సుద్దతో ఒకదానికి కవ్వం, ఒకదానికి కుండ గీసుకుంది. ఆ ఏడాదంతా ఎవరు సీసా అందించినా, ముందు అడిగాకే చెయ్యి చాపేది:

"కవ్వం తోడా, కుండ తోడా?"